ఎనిమిది మందికి పన్నెండు సోలలు

నర్సింహులపేట పక్క పల్లెలో ఉప్పలమ్మ ఒంటి మనిషి. దొరల మీద పోరాడుతూ పొదల్లో దాక్కున్న సంఘపోళ్లకు మూడేండ్లుగా జొన్నరవ్వతో గట్క వండుతోంది. కుండను గంప అడుగున పెట్టి, పైన చేనికి వేసే పెంట కప్పి మోసుకుపోతుంది. నడుం వంగిపోయింది గానీ పోరు ఒడవలేదు.

మొదట్లో ఉజ్జాయింపుగా వండేది. ఒకనాడు చాలేది కాదు, ఒకనాడు మిగిలేది. ఒంటి ముసలిదాని ఇంట్లో అంత గట్క మిగిలితే పోలీసులకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. అందుకే దళంలోని యాకయ్య పొయ్యి పక్క గోడమీద బొగ్గుతో చుక్కలు పెట్టాడు. అడ్డంగా మనుషులు, నిలువుగా రవ్వ కొలిచే సోలలు. ఇద్దరికి మూడు, నలుగురికి ఆరు, ఆరుగురికి తొమ్మిది. చుక్కలన్నీ కలిపితే నాగటి సాలులా తిన్నగా గీత వచ్చింది.

"ఎందరొచ్చినా గీ గీతమీద ఏలు పెట్టు అవ్వా. ముగ్గురైతే నడుమ చూడు, నాలుగున్నర. ముద్ద గూడ మిగలది," అన్నాడు.

ఇన్నాళ్లూ మిగల్లేదు.

ఇవాళ ఎనిమిది మందికి కబురొచ్చింది. పన్నెండు సోలలు పోసి వండింది. మిట్టమధ్యాహ్నం పొదల దగ్గర గంప దించితే ఏడుగురే ఉన్నారు. యాకయ్య లేడు. ఎవరూ తలెత్తలేదు. ఆమె ఏడుగురికీ గట్క పెట్టింది.

అందరూ తిన్నాక కుండలో ఒకరి వాటా మిగిలింది.

"గిది గూడ తినుండ్రి బిడ్డా."

ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. దాన్ని ఇంటికి తీసుకుపోరాదు. ఉప్పలమ్మ అక్కడే కూలబడి, ఆకలి లేకున్నా, ముద్ద ముద్దగా అంతా తానే తిన్నది.