దురద మాత్ర

మతిమరుపు జబ్బున్న మా ఆవిడ ఆర్నెల్లుగా నన్ను మా కిరాణా కొట్టుకి వచ్చిన బేరం అనుకుంటోంది. కనిపిస్తే చాలు, "ఏం కావాలండీ?" అంటుంది. నందిగామలో మందుల షాపు నడిపే మా అమ్మాయి పోయిన వారం వచ్చి, మాత్రలన్నీ తిరగేసింది.

"నాన్నా, ఈ దురద మాత్ర అమ్మకి పడదు. ఉన్న మతి కూడా పోతుంది. ఎవరు వెయ్యమన్నారు?"

"డాక్టరుగారు వారానికే రాశారమ్మా. హాయిగా నిద్రపోతోందని నేనే కొనుక్కొచ్చి వేస్తున్నా."

ఆర్నెల్లు, నా చేత్తోనే.

అమ్మాయి డాక్టరుగారితో మాట్లాడి మాన్పించింది. ఇవాళ పొద్దున మా ఆవిడ నన్ను చూసి, "ఏమండీ, కాఫీ తాగారా?" అంది. నా సంతోషం ఏమని చెప్పను, జగ్గయ్యపేట బజారంతా చెప్పుకొచ్చాను.

సాయంత్రం ఇంటికి రాగానే మళ్లీ, "ఏం కావాలండీ?" అంది.

అరకిలో కందిపప్పు అన్నాను. మీరైతే ఏమనేవారు?