మాస్టారి కుడికాలు

మాస్టారు ఎవరి కారులో కూర్చున్నా ఆయన కుడికాలు ఊరుకోదు. ముందు పోయే బండి నెమ్మదించగానే, అక్కడ లేని బ్రేకును గట్టిగా నొక్కేస్తుంది. డ్రైవింగ్ స్కూల్లో ఇరవై రెండేళ్ళు శిష్యుల పక్కన కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు తొక్కీ తొక్కీ అబ్బిన అలవాటది. భార్యకు ఆసుపత్రిలో ఉద్యోగమొచ్చి ఈ దేశం చేరాక ఆ కాలికి పని లేకుండా పోయింది. ఇన్సూరెన్సు లేనిదే ఇక్కడ బండి బయటికి తీయకూడదు. ఆ ఇన్సూరెన్సు వాళ్ళేమో ఆయన లైసెన్సు చూసి పెదవి విరుస్తారు. భార్య రోజూ రెండు బస్సులు మారి డ్యూటీకి పోతోంది. కాగితాల కవరు ఒళ్ళో పెట్టుకుని ఇవాళ ఆయన కూర్చున్నది నాలుగో ఇన్సూరెన్సు ఆఫీసులో.

కౌంటర్లో అమ్మాయి అదృష్టం కొద్దీ తెలుగుపిల్లే. "అంకుల్, మీ లైసెన్సు పాతదే కానీ ఇక్కడ లెక్కలోకి రాదండీ. అనుభవం సున్నా అనే రాయాలి."

"ఇరవై రెండేళ్ళమ్మా."

"ఏం చేయనండీ? పోనీ, డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ ఉందా? పైవాళ్ళని అడిగి చూస్తాను."

మాస్టారికి రాబోయిన నవ్వు ఆవులింతగా మారింది. అలాంటివి ఆయన వేలల్లో రాసిచ్చాడు. ఆయనకు బండి నేర్పింది మాత్రం మేనమామ, ఖాళీ మైదానంలో, మొట్టికాయలు వేస్తూ.

"నేర్పిన మాస్టారు సంతకం పెట్టిస్తే చాలు అంకుల్."

సంతకం అనగానే ఆయన చెయ్యి జేబులోంచి పెన్ను తీసి, మూత కూడా విప్పేసింది. ఈసారి సర్టిఫికెట్ కావాల్సింది తనకేనని గుర్తొచ్చాక మూత మెల్లగా పెట్టేశాడు.

"ఆయన పోయారమ్మా."

కౌంటరు కింద కుడికాలు నేలను తొక్కిపట్టే ఉంది.