అండీ అనని మగబాతు

మొన్న పొద్దున పెదవేగి దగ్గర పామాయిల్ తోటలో కాపురముంటున్న మా చెల్లెలు ఫోన్ చేసి, వాళ్ల మగబాతుకి పిచ్చెక్కిందనీ, మోటారు వేయడానికి వెళ్లిన పనమ్మాయి పిక్క పట్టుకుని మెలిపెట్టేసిందనీ, ఎవరికైనా ఇచ్చేద్దామనో కోయించేద్దామనో మా మరిది అంటున్నాడనీ చెప్పింది. నేను ఒక్కటే అడిగాను, ఆడబాతు ఎక్కడుందే అని. ఎండుమట్టల గుట్ట వెనకాల కదలకుండా కూర్చుంటోందక్కా, దానికీ ఒంట్లో బాగాలేదేమో అంది. "పొదుగుతోందే మొద్దూ! పిచ్చెక్కింది దానికి కాదు, మీ ఇద్దరికీ" అన్నాను. ఆయనతో మాట్లాడి మళ్లీ చేస్తానని పెట్టేసింది. నా నోటికి జడిసేవాళ్లందరూ అలాగే పెట్టేస్తారు. నేను మాత్రం ఆ ఫోన్ చేతిలో అలాగే పట్టుకుని, ముప్పై ఏళ్ల వెనక్కి వెళ్లి కూర్చున్నాను.

ఇప్పటివాళ్లకి పెద్దబాతులంటే పక్కన నిలబడి ఫొటో దిగడానికి గానీ, కొల్లేటి లంకలో మా పుట్టింట్లో అవి ఇంటి మనుషుల లెక్క. తెల్లటి రెక్కలూ పొడుగాటి మెడా చూసి ఊళ్లోవాళ్లు హంసలనేవారు, మేం బాతులనే అనేవాళ్లం. చలి ముదిరేసరికి మగదాని నడకే మారిపోయేది. ఆడది తన రొమ్ము మీది మెత్తటి ఈకలు తానే పీక్కుని గూట్లో పరుచుకుని పొదగడానికి కూర్చునేది, రోజుకోసారి ఎప్పుడో లేచి నీళ్లకి వెళ్తే గుడ్ల మీద గడ్డి కప్పి మరీ వెళ్లేది, మగది దాని వెనకే వెళ్లి దాని వెనకే వచ్చి, మళ్లీ గూటికి ఎదురుగా నిలబడేది, తిండి మీద ధ్యాస కూడా ఉండేది కాదు దానికి. మెడ నేల బారున చాచి బుస్సుమందంటే ఇంకో అడుగు వేయొద్దని అర్థం. మనం నెమ్మదిగా వెనక్కి తగ్గితే అదీ తగ్గుతుంది, పరిగెత్తితే తరుముతుంది, కర్ర ఎత్తితే ఆ మనిషిని గుర్తుపెట్టుకుంటుంది. ఇందులో తెలియడానికి పెద్ద విద్యేం లేదు. మా నానమ్మ బాతులు పురుడు పోసుకుంటున్నాయర్రా అని ఒక కేక వేసి పెరటి దోవకి అడ్డంగా వెదురు కట్టించేది. పిల్లలు గూడు దిగేదాకా నాన్నతో సహా అందరం వీధి వైపు నుంచి చుట్టూ తిరిగి రేవుకి వెళ్లేవాళ్లం. బిందె చంకనెత్తుకుని నేనూ, చెంబు పట్టుకుని నా వెనక చెల్లెలూ. పురిటాలున్న గది ముందు చప్పుడు చేయొద్దంటే ఎవరైనా ఎదురు వాదిస్తారా? ఇదీ అంతే.

తర్వాత ఏలూరు కాలేజీలో జువాలజీ చదివి, అదే సంగతిని ఇంగ్లీషులో పరీక్ష రాసి పాసై, తాడేపల్లిగూడెం కోడలినయ్యాను. సారెతో పాటు నాన్న ఒక బాతుల జతని కూడా పంపారు. రైసుమిల్లు వెనక వీధిలో ఇల్లు కాబట్టి నూకలకీ తవుడుకీ లోటు లేదు. మొదటి ఏడాది మగబాతు మా అత్తగారి చేతిలో నూకలు తినేది. వచ్చినవాళ్లందరికీ ఆవిడ దాన్ని చూపించి, "మా కోడలి కంటే ఇదే నెమ్మదండీ" అని మురిసిపోయేవారు.

మాఘమాసం వచ్చింది. ఆడబాతు చూసి చూసి స్నానాల గదికి వెళ్లే దోవ పక్కన, బట్టలుతికే బండ వెనకాల గూడు పెట్టింది. ఆ దోవకి వెదురు కట్టించండి, నూతి వైపు నుంచి తిరుగుదాం అని నేనడిగితే అందరూ అలాగేనమ్మా అన్నారు, ఒక్కరూ కట్టలేదు. మా వైపు మర్యాద సంగతి మీకు తెలియనిది కాదు. కాదు అనే మాట మావాళ్ల నోట రానే రాదు. చూద్దాంలెండి అంటారు, కాదనడమంటే అదే. చివర అండీ తగిలించి ఎంత లోతుగా కోసినా నెత్తురు చుక్క కనపడదు. చివరికి నేనే ఒక వెదురుబొంగు తెచ్చి కట్టాను. ఏలూరులో చుట్టాల పెళ్లికని మా ఆడపడుచూ ఆవిడ భర్తా వస్తున్నారనగానే అత్తగారు దాన్ని ఊడదీసేశారు.

"అల్లుడుగారు నడిచే దోవకి అడ్డం కడతారటమ్మా ఎవరైనా?"

తెల్లారి అల్లుడుగారు భుజాన తువ్వాలేసుకుని బండ పక్క నుంచి నడిచారు. బాతు బుస కొడితే నవ్వి, కాలితో అదిలించారు. పిక్క పట్టుకుంది. అరిచినవాడు అరిచినట్టే తమాయించుకుని, "పర్వాలేదండీ, మన ఇంటి బాతే కదండీ" అన్నాడాయన. అని, మధ్యాహ్నం ఆకలి లేదని అన్నం దగ్గర కూర్చోలేదు. ఇక ఇల్లంతా శోకమే. ఆయన ఒక్క మాటైనా అనలేదే, అదే భయంగా ఉందే అని అత్తగారు గుండెల మీద చెయ్యేసుకున్నారు.

"మీ పుట్టింటి బాతుకి మర్యాద నేర్పలేదటమ్మా?"

"అది మనుషుల మీద కోపం కాదండీ అత్తయ్యగారూ, గుడ్ల కోసం నిలబడింది. పిల్లలు దిగితే మళ్లీ మీ చేతిలోనే తింటుంది" అన్నాను. ఇంకా అనబోతుంటే మావారు నన్ను పక్కకి పిలిచి, "నువ్వు మాట్లాడకు, రాద్ధాంతం అవుతుంది. అమ్మకి నేను చెప్తాలే" అన్నారు. నమ్మాను. కొత్త కాపురంలో నమ్మకం కూడా సారెతో పాటే వస్తుంది కాబోలు.

మర్నాడు అల్లుడుగారికి కాలు నొప్పని మిగతావాళ్లంతా ఇంట్లోనే ఆగిపోయి, ఏలూరులో పెళ్లికి మామగారితో నన్ను పంపారు. సాయంత్రం గుమ్మంలో అడుగు పెడుతుండగానే మసాలా వాసన. అత్తగారు ఎంతో ఆప్యాయంగా చెప్పారు:

"నువ్వు చూస్తే బాధపడతావని నువ్వు లేనప్పుడే కానిచ్చేశామమ్మా. నీకో గిన్నెలో తీసి ఉంచాను."

అల్లుడుగారు రెండుసార్లు వడ్డించుకున్నారట.

పెరట్లోకి వెళ్లాను. ఆడబాతు గుడ్ల మీద గడ్డి కప్పి లేచి, తొట్టి దాకా వచ్చి నిలబడి ఉంది. మెడ వెనక్కి తిప్పి చూస్తోంది, వెనక రావాల్సినవాడు రాలేదు. నీళ్లు ముట్టకుండా గూటికి వెళ్లిపోయింది. మావారిని అడిగాను, ఏం చెప్పారండీ అని. "చెప్పానుగా! కోయించేద్దామని అమ్మ అంటే, చూద్దాంలే అన్నాను" అన్నారు, ఎంతో చేసినవాడి మొహం పెట్టుకుని. ఉద్యోగం లేదు, డిగ్రీ లేదు, నలుగురిలో పరువు లేదు, ఆ పక్షికి ఉన్నదల్లా ఒక మెడ. అది చాచి అడ్డం నిలబడింది. అండీ అనలేదు, అంతే అది చేసిన నేరం.

తర్వాత ఓ మధ్యాహ్నం ఆడది నీళ్లకి లేచినప్పుడు గోడ దూకి కుక్క వచ్చింది. ఒక్క గుడ్డూ మిగల్లేదు. ఉత్త గడ్డి మీద అది కూర్చునే ఉంది, దగ్గరికి వెళ్తే బుస కొడుతూ. దీనికీ ఆ తిక్కే పట్టిందన్నారు అత్తగారు. కబురు పెడితే నాన్న వచ్చారు. దాన్ని గంపలో పెట్టుకుని, బండ వైపు ఒకసారి చూసి, "వెదురు కట్టలేదటమ్మా?" అన్నారు. చూద్దామన్నారు నాన్నా, అన్నాను. ఆయనకి అర్థమైంది. ఆయనదీ ఈ జిల్లాయే కదా.

లంకలో ఆ రేవు ఇప్పుడు లేదు, చేపల చెరువు గట్టులో కలిసిపోయింది. నానమ్మా లేదు, నాన్నా లేరు. ఒక పక్షి పిల్లల్ని లేపుకుంటోందని ఇంటిల్లిపాదీ తన దోవ మార్చుకుని నడిచిన ఇల్లొకటి ఉండేదని చెప్తే కథనుకుంటారు.

నిన్న నేనే చెల్లెలికి ఫోన్ చేశాను. గుట్టకి ఈవల అడ్డంగా వెదురు కట్టించు, కొన్నాళ్లు మోటారు దగ్గరికి గట్టు మీది నుంచి వెళ్లమను, చాలు అన్నాను. పేపరు వెనక నుంచి మావారు, మరిదికి నేను చెప్తాలే అన్నారు. మీరు చెప్పింది చాలండీ అన్నాను.

ఫోన్‌కి అవతల ఉన్నది నా చెల్లెలు. చెంబు పట్టుకుని నా వెనకాలే వీధంతా చుట్టి వచ్చిన పిల్ల అది, వెదురు దాటబోతే నన్నే చెయ్యి పట్టి వెనక్కి లాగేది. నెమ్మదిగా, ఎంతో ముద్దుగా అంది:

"చూద్దాంలే అక్కా."