స్టీరింగ్‌కి దండం

ఎనిమిదేళ్ళు నేను ఒకే కారు మీద పనిచేశాను. అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్ళో ఈ మాట చెబితే మన తెలుగువాళ్ళు ముందు జాలిపడతారు, తర్వాత మైలేజీ ఎంతిస్తుందని అడుగుతారు. అది స్పోర్ట్స్ కారండీ, మైలేజీ కోసం కొనేది కాదు అంటే “అయినా ఎంత?” అంటారు. ఒక గృహప్రవేశంలో ఒక అంకుల్ వెనక సీట్లో ఎంతమంది పడతారని అడిగారు. వెనక సీటే లేదన్నాను. ఆయన నా మొహం వంక కాసేపు చూసి, మా ఆయన ఏం చేస్తాడని అడిగారు.

మా కంపెనీలో ఒక కారు ఆకారం ఏడెనిమిదేళ్ళు అమ్ముడవుతుంది. దాన్ని ఒక తరం అంటారు. పైకి అదే కారు. లోపల మాత్రం ఏడాదికేడాదికీ బలం పెంచుతూ పోతారు. నా పని చాలా చిన్నది. ఆగి ఉన్న కారు ఒక్కసారిగా దూకేటప్పుడు ఇంజన్ బలాన్ని చక్రాలకి ఎప్పుడు ఎంత ఇవ్వాలో అంకెలు రాయడం. ఎక్కువిస్తే టైర్లు ఉన్నచోటే తిరిగి పొగ లేస్తుంది. తక్కువిస్తే పక్క కంపెనీవాళ్ళ కారు ముందుకి పోతుంది. దీన్ని లాంచ్ కంట్రోల్ అంటారు. నేను ఇంటికెళ్ళేది మాత్రం టయోటా మినీవ్యాన్‌లో.

మొదటి ఏడాది మా కారు అరవై మైళ్ళ వేగం అందుకోడానికి నాలుగున్నర సెకన్లు తీసుకునేది. రెండో ఏడాది టైర్లు మార్చాం, కాస్త తగ్గింది. తర్వాత గేర్‌బాక్స్ మార్చాం, ఇంకాస్త తగ్గింది. నాలుగో ఏడాది ఇంజన్‌కి గాలి ఎక్కించే సూపర్‌చార్జర్ పెట్టారు. బలం అమాంతం పెరిగింది, ప్రెస్‌వాళ్ళు పొగిడారు, టైమ్ మాత్రం అంగుళం కదల్లేదు. బలమంతా పొగ కింద పోయేది. ఆ బలాన్ని నేల మీదికి దించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో మా ఇంట్లో ఏ పండగ ఎలా జరిగిందో నాకు గుర్తులేదు.

ఎనిమిదో ఏడాది, తరానికి ఆఖరి మోడల్. మూడు సెకన్ల లోపు రావాలన్నారు. అంటే ఎనిమిదేళ్ళకి మొత్తం ఒకటిన్నర సెకన్లు మిగిల్చినట్టు. ఆ మిగిలిన టైమ్‌లో తుమ్మడానికి కూడా వీలుపడదు.

మా టీమ్‌లో ఒక ఆనవాయితీ ఉంది. ఆఖరి మోడల్‌కి కంపెనీ బయటికి చెప్పే సెకన్ల అంకెని, దాని మీద పనిచేసిన ఇంజనీర్లలో ఒకరు స్వయంగా నడిపి తేవాలి. మా చీఫ్ ఇంజనీర్ ఆ పని నాకిచ్చాడు. ఆయన ఆరడుగుల పైచిలుకు తెల్లాయన, మాటలు ఆచితూచి వాడతాడు. నా డెస్క్ దగ్గరికొచ్చి “నువ్వే” అని వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళుగా నా అంకెలతో ఇంకెవరో నడుపుతుంటే గోడ పక్కన లాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డదాన్ని నేను. ట్రాక్ మీద వేగంగా నడిపే లైసెన్స్ రెండుసార్లు ఫెయిలై మూడోసారి తెచ్చుకున్నాను. ఆ అంకె నాదే కావాలని నాకు బలంగా ఉంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు కానీ ఆ వారమంతా కూరల్లో ఉప్పు రెండేసిసార్లు వేశాను.

ప్రాక్టీసు మొదటిరోజే తేడా వచ్చింది. లాంచ్ కంట్రోల్ బటన్ నొక్కి, ఎడమ కాలితో బ్రేక్, కుడి కాలితో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, డాష్‌బోర్డ్ మీద పచ్చదీపం వెలగాలి. అప్పుడు బ్రేక్ వదలాలి. నాకు వెలగలేదు. మళ్ళీ చేశాను, వెలగలేదు. పక్కన నిలబడ్డ టెస్ట్ డ్రైవర్ కూర్చుంటే మొదటిసారికే వెలిగింది. ఆఖరి మోడల్‌కి బలం మరీ ఎక్కువని మేమే ఒక జాగ్రత్త పెట్టాం. బటన్ నొక్కాక మూడు సెకన్లపాటు స్టీరింగ్ కదలకూడదు. కదిలితే కారు పక్కకి తిరిగిన చక్రాలతో దూకుతుందని భయం. నా ప్రయత్నాలన్నిట్లోనూ ఆ మూడు సెకన్లలో స్టీరింగ్ సెన్సర్ గీసే గ్రాఫ్ మీద చిన్న బొడిపె కనిపిస్తోంది. ఎవరో స్టీరింగ్‌ని మెల్లిగా అదిమినట్టు.

సెన్సర్ పాడైందన్నారు. ఆ సెన్సర్ తయారుచేసే కంపెనీ తరఫున ఒక పెద్దాయన పక్క రాష్ట్రం ఒహాయో నుంచి కారేసుకుని వచ్చాడు. సెన్సర్ మార్చాడు. బొడిపె పోలేదు. స్టీరింగ్ కింది రాడ్డుతో సహా మార్చాడు. పోలేదు. వైర్లన్నీ విప్పి చూశాడు.

మూడోరోజు మధ్యాహ్నం నేను కారులో కూర్చుని బటన్ నొక్కాను. నా రెండు చేతులూ లేచి, స్టీరింగ్‌ని తాకి, కళ్ళకద్దుకుని, మళ్ళీ స్టీరింగ్ మీదికి వచ్చాయి. నేను వాటిని చూశాను. అంతవరకూ ఎప్పుడూ చూడలేదు.

మా అమ్మ బట్టలు కుట్టేది. మిషన్ ముందు కూర్చుని చక్రాన్ని తాకి కళ్ళకద్దుకోకుండా తొక్కేది కాదు. నేను అలా చేయకుండా ఒకసారి తొక్కితే సూది విరిగింది. చేయకపోవడం వల్ల విరగలేదు, రెండు మడతల జీన్స్ బట్ట పెట్టడం వల్ల విరిగింది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. చేతులకి తెలియదు. పుస్తకం, లాప్‌టాప్, మినీవ్యాన్, ఏది మొదలెట్టినా అవి వాటి పని అవి చేసుకుంటాయి.

అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. చెబితే సెన్సర్ తప్పు కాదు, డ్రైవర్ తప్పు అని రాస్తారు. డ్రైవర్ తప్పైతే డ్రైవర్‌ని మారుస్తారు. మారిస్తే ఎనిమిదేళ్ళ తర్వాత కూడా నేను గోడ పక్కనే. అందుకని నోరు మూసుకుని, ఇంటి దగ్గర మినీవ్యాన్‌లో చేతులు ఆపుకోవడం ప్రాక్టీసు చేశాను. ఒహాయో పెద్దాయన మాత్రం చలిలో కారు కింద పడుకుని ఉండేవాడు, మెషీన్‌లో దొరికే చిప్స్ తిని. చూడలేక ఒకరోజు పులిహోర తీసుకెళ్ళి ఇచ్చాను. చాలా బాగుందని, నా అంత మంచిదాన్ని ఈ బిల్డింగ్‌లో చూడలేదని అన్నాడు. ఆ మాట నాకు తలకాయ పగిలేలా తగిలింది. మర్నాడు దద్దోజనం తీసుకెళ్ళాను.

మా ఆయనది వరంగల్. ఆయనకి విషయమంతా చెప్పాను.

“గిదేం పంచాయితీ?” అన్నాడు. “పోయి చెప్పెయ్యరాదు? ఇంకెన్ని రోజులు పెడ్తవ్ ఆ పెద్దమనిషికి పులిహోర?”

“చెబితే నన్ను నడపనివ్వరు.”

“ఇయ్యకపోతే ఇయ్యకపోనీ. ఆయన నడుము పోతది.”

“ఎనిమిదేళ్ళు చేశాను నేను!”

“ఎరుక. ఎనిమిదేండ్ల సంది నాకు నువ్వు గదే చెప్తున్నవ్.”

కోపంతో ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే వెళ్ళి, చీఫ్‌నీ ఒహాయో ఆయన్నీ కారు దగ్గరికి పిలిచి చెప్పాను. ఇద్దరికీ అర్థం కాలేదు. చేసి చూపించాను. స్టీరింగ్‌ని తాకి, కళ్ళకద్దుకుని. లాప్‌టాప్‌లో బొడిపె వచ్చింది. ఒహాయో ఆయన తెర వంకా నా వంకా చూసి, “అయితే ఆ అన్నం?” అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. సారీ చెప్పాను. ఆయన టూల్‌బాక్స్ సర్దుకుని, సెన్సర్ మాత్రం చాలా బాగా పనిచేస్తోందని అక్కడున్న అందరికీ వినపడేలా చెప్పి వెళ్ళిపోయాడు.

చీఫ్ లాప్‌టాప్ మూశాడు. తర్వాత, “ఎప్పట్నుంచి తెలుసు?” అన్నాడు.

“పది రోజులు.”

“ఇంకోసారి పది రోజులు దాచకు,” అన్నాడు. “రూల్ మార్చను. అది జనం ప్రాణాల కోసం పెట్టింది. శుక్రవారం నీకు మూడు ఛాన్సులు. కాకపోతే అతను నడుపుతాడు.” అతనంటే మా టెస్ట్ డ్రైవర్. మంచివాడు. శుక్రవారం ఉదయం హెల్మెట్ పెట్టుకునే వచ్చాడు.

మొదటిసారి, బటన్ నొక్కకముందే దండం పెట్టేసుకుని కూర్చున్నాను. బటన్ నొక్కగానే చేతులు మళ్ళీ లేచాయి. దీపం వెలగలేదు. రెండోసారి స్టీరింగ్‌ని గోళ్ళు తెల్లబడేలా పట్టుకున్నాను. చేతులు లేవలేదు కానీ వణికాయి. వణికినా కదలికే. సెన్సర్ నిజంగానే చాలా బాగా పనిచేస్తోంది. టెస్ట్ డ్రైవర్ జాకెట్ జిప్ పైకి లాక్కున్నాడు. నాకు ఏడుపొచ్చింది. హెల్మెట్‌లో ఉన్నాను కాబట్టి ఎవరికీ కనిపించలేదని నా నమ్మకం.

చీఫ్ నడుచుకుంటూ వచ్చి నా పక్క అద్దం దించమన్నాడు. అయిపోయింది, దిగమంటాడనుకున్నాను.

“ఇది కచ్చితంగా డ్రైవరే చేయాలా?” అని అడిగాడు.

అర్థం కాలేదు. “ఏది?”

“అది,” అని చేత్తో కళ్ళ దగ్గర గాలిలో చూపించాడు.

మా అమ్మ జ్వరమొచ్చి స్నానం చేయని రోజుల్లో ఆమె బదులు మా పిన్ని మిషన్ చక్రానికి దండం పెట్టేది, అమ్మ తొక్కేది. అది గుర్తొచ్చి, “అక్కర్లేదు,” అన్నాను.

“స్టీరింగ్‌కే పెట్టాలా?”

“కారుకి పెడితే చాలు.”

ఆయన స్టాప్‌వాచ్ ఉన్న చేతిని వెనక్కి పెట్టుకుని, ఆరడుగుల మనిషి కిటికీలోంచి సగం లోపలికి వంగి, డాష్‌బోర్డ్‌ని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు తన కళ్ళకి ఆనించుకున్నాడు. ముందు కుడి కన్ను, తర్వాత ఎడమ కన్ను, ఏదో మందు వేసుకుంటున్నట్టు. అక్కడ సెన్సర్ లేదు. “అయింది,” అని తల బయటికి తీసుకుని, వెళ్ళి గోడ పక్కన, నేను ఎనిమిదేళ్ళు నిలబడ్డ చోట నిలబడ్డాడు.

అద్దం ఎక్కించి బటన్ నొక్కాను. నా చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. వాటికి చేయడానికి ఏమీ మిగల్లేదు. పచ్చదీపం వెలిగింది. బ్రేక్ వదిలాను.

మూడు సెకన్ల లోపే వచ్చింది. ఆ అంకె ఇప్పుడు బ్రోషర్‌లో ఉంది. కింద ఎవరి పేరూ ఉండదు. కారు దిగి హెల్మెట్ తీస్తుంటే చీఫ్ దగ్గరికొచ్చి, “సరిగ్గానే చేశానా?” అని అడిగాడు.

చాలా బాగా చేశారన్నాను. స్టాప్‌వాచ్ పట్టుకున్నది కుడి చేత్తో, దండం పెట్టింది ఎడమ చేత్తో. ఆ సంగతి ఇవాళ్టిదాకా ఆయనకి చెప్పలేదు.