శ్రీశైలమ్మకు రెండు బాల్యాలు

1936 నవంబరు 9వ తేదీ నాటికి మార్కాపురం స్త్రీల టీచర్ ట్రెయినింగు స్కూలులో చదువుతున్న పంతొమ్మిది మందిలో పద్దెనిమిది మందికి చిన్నతనంలో ఎర్ర రబ్బరు బంతి ఉండేదని రుజువైంది. ఆ రుజువును వారు తమ చేతులతోనే రాసి ఇచ్చినారు. శిశు మనస్తత్వ శాస్త్రం బోధించే సుబ్బరత్నమ్మ గారు ఆ నెలలో ఇచ్చిన వ్యాసం ‘నా బాల్యము, నా విద్య: శాస్త్రదృష్టితో పరిశీలన’. పుట్టినది మొదలు పన్నెండో ఏడు దాకా బిడ్డ మనసు నాలుగు దశల గుండా ఎదుగుతుందని పాఠంలో చెప్పినారు. ఆ దశలు తమకు ఎప్పుడు వచ్చినవో, ఒక్కొక్క దశలో ఏమి నేర్చుకున్నారో ఎవరికి వారు జ్ఞాపకం చేసుకుని రాయాలి. పాఠ్యపుస్తకం మూడో అధ్యాయంలోని ఇంగ్లీషు బిడ్డకు ఎర్ర బంతి ఉన్నది. కనుక దర్శి పిల్లకూ, దొనకొండ పిల్లకూ, గిద్దలూరు గుమాస్తా గారి కూతురికీ కూడా ఉన్నది.

బంతి ఒక్కటే కాదు. ఆ పద్దెనిమిది మందీ మూడో ఏట చీకటికి భయపడినారు; ఐదో ఏట ఊహాశక్తి వల్ల అబద్ధాలాడినారు; తొమ్మిదో ఏట తపాలా బిళ్లలు సేకరించినారు. ఆ కాలంలో కంభం తాలూకా పల్లెలకు చేరిన ఉత్తరాల సంఖ్యను లెక్కలోకి తీసుకుంటే ఈ చివరి విషయం ప్రత్యేక పరిశోధనకు తగినది. కానీ సుబ్బరత్నమ్మ గారు మద్రాసులో ఆరు నెలలు ఉండి ఈ శాస్త్రం నేర్చుకుని వచ్చినవారు. ఇంతమంది అనుభవం శాస్త్రంతో అక్షరాలా సరిపోవడం ఆమెను ఆశ్చర్యపరచలేదు. సరిపోకపోతేనే ఆశ్చర్యపడేవారు.

ఆ అవకాశం పంతొమ్మిదో వ్యాసం కల్పించింది. దానిని రాసినది కొమరోలు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన శ్రీశైలమ్మ. తండ్రి నాగులు, తల్లి పుల్లమ్మ గొర్రెలు కాసే వాళ్లు. వానలు పడినప్పుడు రెండెకరాల మెట్టలో కొర్ర వేసేవాళ్లు. ఆమెకు పదకొండో ఏడు వచ్చినప్పుడు ఊరి బడిలో ఆడపిల్లల సంఖ్య గ్రాంటుకు ఒకటి తక్కువైంది. అయ్యవారు స్వయంగా మంద దగ్గరికి నడిచి వచ్చి ఆమెను హాజరు పట్టీలో ఎక్కించుకుపోయినారు. లెక్క కోసం వచ్చిన పిల్ల చదువులో నిలబడుతుందని ఆయన అనుకోలేదు. నిలబడింది, పరీక్షలు దాటింది, స్టైపెండు తెచ్చుకుని మార్కాపురం చేరింది. ఇంతవరకు ఆమె తన వ్యాసంలో ఉన్నది ఉన్నట్లు రాసింది. ఆరో ఏడు దాకా ఏమి ఆడుకున్నదో గుర్తులేదనీ, ఆరో ఏట గొర్రెపిల్లల వెంట పోయిందనీ, పదకొండో ఏట అక్షరాలు నేర్చిందనీ ముగించింది.

సుబ్బరత్నమ్మ గారు ఆమెను పిలిపించినారు.

“ఆట దశ ఏదీ?”

“లేదమ్మగారూ.”

“రెండో దశ లేకుండా మూడో దశకు ఎలా వచ్చావు?”

“ఏమో అమ్మగారూ. నడిచే వచ్చింటాను.”

సుబ్బరత్నమ్మ గారు ఈ జవాబును పొగరు కింద జమ కట్టినారు. వ్యాసం అంచున ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ‘ఈ బాలికకు వికాసము జరుగలేదు. సరిచేసి తిరిగి రాయవలెను’ అని రాసినారు. సరిచేయవలసినది వ్యాసాన్నా, బాల్యాన్నా అన్నది స్పష్టం చేయలేదు.

ఆ సున్నా చిన్న విషయం కాదు. శిశు మనస్తత్వంలో తప్పిన వారికి సర్టిఫికెట్టు ఇవ్వరు. సర్టిఫికెట్టు లేకుండా ఇంటికి పోతే మళ్లీ మంద వెంట పోవలసినదే. నాగులు ఆ షరతు మీదనే పంపినాడు. గొర్రెల మీద శ్రీశైలమ్మకు అందరూ ఊహించే మమకారం లేదు. తడిసిన ఉన్ని వాసన, ఎరువు కోసం పరాయి రైతు చేలో మంద కట్టిన దినాల్లో మంచులో నేల మీద పడక, ముళ్లకంప గీసుకున్న కాళ్లు, వీటి నుంచి తప్పించుకోవడానికి ఆమెకు తెలిసిన దారి చదువు ఒక్కటే.

కనుక ఆమె రెండో బాల్యాన్ని రాసింది. దీనికి పద్ధతిగా పూనుకున్నది. బంతులు అప్పటికే పద్దెనిమిది ఉన్నందున ఆరో అధ్యాయం నుంచి ఇసుక పళ్లేన్ని ఎంచుకున్నది. నాగులు వాగు ఇసుక తెచ్చి, చెక్క పళ్లెంలో పోసి, బిడ్డ వేలు పట్టి గీతలు గీయించినాడు. ప్రతి సాయంత్రం ఒక కథ చెప్పినాడు. నాలుగో ఏట బిడ్డ “ఎందుకు?” అని అడిగిన ప్రతిసారీ ఓపికగా కారణం విప్పి చెప్పినాడు. నిజానికి నాగులు మాటల్లో ఎక్కువ భాగం గొర్రెలతో, మిగిలిన భాగం వాటి గురించి. పుల్లమ్మ బిడ్డను నిద్రపుచ్చుతూ రంగుల పేర్లు నేర్పింది. ఇంట్లో ఉన్న రంగులు రెండే కావడం వ్యాసానికి అడ్డు రాలేదు.

సుబ్బరత్నమ్మ గారు చదివి, తరగతిలో అందరికంటె ఎక్కువ మార్కులు వేసినారు. అక్కడితో ఆగితే ఎవరికీ నష్టం లేకపోయేది. కానీ ఆమె ఆ వ్యాసాన్ని బాలికల పాఠశాలల ఇన్‌స్పెక్ట్రెస్సు ఎలీషబా గారికి పంపినారు. ఎలీషబా గారు మద్రాసులో జరగబోయే ఒక సభలో గ్రామీణ శిశువు మీద ఉపన్యాసం ఇవ్వవలసి ఉన్నది. అప్పటి వరకు ఆ ఉపన్యాసంలో గ్రామం గానీ శిశువు గానీ చేరలేదు. గొర్రెల కాపరి ఇంట్లో ఇసుక పళ్లెం ఉన్నదని చదివి ఆమె పొంగిపోయి, వచ్చే గురువారం సుబ్బరత్నమ్మ గారితో కలిసి ఆ ఇంటిని చూడ్డానికి వస్తున్నట్లు కబురు చేసినారు.

వ్యాసం ఒక మధ్యాహ్నంలో తయారైంది. దానికి తగిన ఇల్లు తయారు చేయడం కష్టమని శ్రీశైలమ్మకు తెలుసు. సోమవారమే సెలవడిగి, గిద్దలూరు దాకా రైల్లో, కొమరోలు దాకా బస్సులో, అక్కడి నుంచి కాలినడకన ఇల్లు చేరింది.

“నాయనా, నువ్వు నాకు కథలు చెప్పినావని రాసినాను.”

నాగులు నోట్లోని చుట్ట తీసినాడు. “నేనా? ఎప్పుడు?”

“నాకు నాలుగేండ్లప్పుడు. దినాం.”

“నీకు నాలుగేండ్లప్పుడు కరువు గదా. నేను మంద తోలుకొని నల్లమల్లో ఉంటిని.”

“వచ్చినాక చెప్పినావు.”

నాగులు “ఏం కథ చెప్పినాను?” అని అడిగినాడు. తనకు కూడా తెలుసుకోవాలని ఉన్నట్లు అడిగినాడు.

పుల్లమ్మకు ఇసుక సంగతి చెప్పవలసి వచ్చింది. బయట ఉన్న ఇసుకనే ఊడ్చలేక చస్తాంటే ఇంట్లోకి తేవడమేందని ఆమె తిట్టింది. ఆ తర్వాత కూతురి పక్కన కూర్చున్నది.

“అబద్ధం రాసేదానికా పాపా నిన్ను మార్కాపురం పంపింది?”

“నిజం రాస్తే సున్నా ఇచ్చిరమ్మా.”

“సున్నాకేమైతది?”

“సర్టిఫికెట్టు రాదు. రాకపోతే మళ్లీ మందెంబడే.”

పుల్లమ్మ గంప తీసుకుని వాగుకు పోయింది.

బుధవారం దాకా ఆ ఇంట్లో శ్రీశైలమ్మ బాల్యం వేగంగా జరిగింది. నాగులు పాత తలుపు చెక్కను కోసి పళ్లెం చేసినాడు. అది ఎక్కడ ఉండేది, బిడ్డ ఏ చేతితో గీసేది, ఏడిస్తే ఏమి చెప్పి ఊరుకోబెట్టేవాళ్లు, అన్నీ తల్లిదండ్రులకు కూతురు వల్లె వేయించింది. పుల్లమ్మ తప్పు లేకుండా అప్పజెప్పింది. నాగులు మాత్రం ఏ ప్రశ్నకైనా “నువ్వు రాసినావు గదమ్మా” అనే జవాబు దగ్గర నిలిచిపోయినాడు.

గురువారం ఎండెక్కినాక కొమరోలు నుంచి ఎద్దులబండిలో సుబ్బరత్నమ్మ గారూ, ఎలీషబా గారూ దిగినారు. ఎలీషబా గారు తెల్లచీర కట్టిన, గట్టిగా నవ్వే మనిషి. ముందుగా ఇసుకలో వేలు పెట్టినారు. ఇసుక ఇంకా తడిగా ఉన్నది. దానిని ఆమె కొత్త ఇసుకగా కాక, నిత్యం మారుస్తున్న ఇసుకగా గ్రహించినారు. తరువాత నాగులును ఒక కథ చెప్పమన్నారు.

నాగులు గొంతు సవరించుకున్నాడు. ఒక ఊర్లో ఒక రైతు ఉండెనన్నాడు. ఆ రైతు తన చేలో మంద కట్టమని ఒక కాపరిని పిలిచినాడు. మూడు రాత్రులు కట్టినాక, ఒక్క రాత్రే కట్టినావు, ఆ కూలే తీసుకొని పొమ్మన్నాడు. ఇద్దరూ పెద్దమనుషుల దగ్గరికి పోయినారు.

“తర్వాత?” అన్నారు ఎలీషబా గారు.

“తర్వాతేముందమ్మా. ఇంకా తెగలేదు.”

ఇది నీతికథ అనీ, ముగింపును బిడ్డ ఊహకు వదిలిపెట్టే రకమనీ సుబ్బరత్నమ్మ గారు వివరించినారు. ఎలీషబా గారు తలూపి పుల్లమ్మ వైపు తిరిగినారు. ఇసుక గురించి ఏమడిగినా పుల్లమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉన్నది. ఎలీషబా గారు ఇసుక గురించి అడగలేదు.

“నీ బిడ్డ మొట్టమొదట లేచి నిలబడింది ఎక్కడమ్మా?”

వల్లె వేయించిన వాటిలో ఆ ప్రశ్న లేదు. అందుకని పుల్లమ్మ నిజం చెప్పింది.

“గొర్రెపిల్లల దొడ్లో తల్లీ. నేను కూలికి పోతా దాన్ని దాంట్లో ఏసి తడిక మూసేదాన్ని. తల్లి గొర్రెలు మేతకు పోతే పిల్లలు దొడ్లోనే ఉంటాయి గదా. వాటితోనే పాకింది. ఒగ దాని మెడ పట్టుకొని లేసి నిలబడింది.”

సుబ్బరత్నమ్మ గారి చూపు శ్రీశైలమ్మ మీదికి వచ్చి అక్కడే ఉండిపోయింది. శ్రీశైలమ్మ తల దించుకున్నది. తడి ఉన్ని వాసన ఆమెకు ఇక్కడి నుంచే తగులుతున్నది.

“ఆ దొడ్డి ఇప్పుడుందా?” అన్నారు ఎలీషబా గారు.

ఉన్నది. ఎలీషబా గారు చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, తడిక తీయించి, లోపలికి దిగినారు. పదిపన్నెండు పిల్లలు ఆమె కాళ్ల చుట్టూ మూగినవి. ఒకటి చీర అంచు నోట పెట్టింది. ఆమె వంగి దాని ఎత్తును చేతితో కొలిచి, అది ఏడాది బిడ్డ భుజానికి సరిగ్గా వస్తుందని గమనించినారు.

“సుబ్బరత్నమ్మ గారూ, మన పుస్తకంలో బొమ్మలు కదలవు. ఇవి కదులుతున్నాయి. బిడ్డ పట్టుకుంటే నిలబడతాయి, వదిలితే పారిపోతాయి. ఇంతకంటే శిశు విహారం ఏముంది?”

ఆ క్షణం నుంచి శాస్త్రం వెనుదిరిగి చూడలేదు. దొడ్డి వాసన ఘ్రాణేంద్రియ శిక్షణ అయింది. గొర్రెపిల్లల అరుపులు శ్రవణ శిక్షణ అయినవి. ఒకసారి పొట్టేలు గోడ దూకి వచ్చి బిడ్డను గుద్దిందనీ, చెవి దగ్గర మచ్చ ఇంకా ఉన్నదనీ పుల్లమ్మ భయపడుతూ చెప్పగా, అది సాంఘిక క్రమశిక్షణ కింద నమోదైంది. పదకొండో ఏడు దాకా అక్షరం రాకపోవడం మనసు పరిపక్వమయ్యేదాకా వేచి ఉండే అత్యాధునిక పద్ధతి. గ్రాంటుకు ఒక పిల్ల తక్కువైన సంగతి ఎవరూ అడగలేదు. ఈ సంగతులు తాను మొదటి వ్యాసంలోనే గుర్తించినాననీ, అందుకే తిరిగి రాయమన్నాననీ సుబ్బరత్నమ్మ గారు బండి ఎక్కేలోగా రెండుసార్లు చెప్పినారు.

ఎలీషబా గారు శ్రీశైలమ్మను పక్కకు పిలిచినారు. “ఇంత మంచి బాల్యాన్ని ఎందుకమ్మా దాచిపెట్టావు?”

“పుస్తకంలో లేదమ్మగారూ.”

“ఇకమీదట ఉంటుంది. నీ సర్టిఫికెట్టుకు నేను పూచీ.”

బండి పోయినాక పుల్లమ్మ కూతురి ముఖం చూసింది. “బాగైందా, చెడిందా?”

“సర్టిఫికెట్టు వస్తదంటమ్మా.”

“మరి అట్లున్నావేంది?”

శ్రీశైలమ్మ పోయి దొడ్డి తడిక మూసింది. నాగులు ఇసుకను పెరట్లో పారబోసి, పళ్లేన్ని మళ్లీ ఎక్కడైనా తలుపుగా వాడవచ్చునేమోనని తిప్పి చూసినాడు.

తరువాతి వారం ట్రెయినింగు స్కూలులో సున్నా కొట్టివేయబడింది. పద్దెనిమిది మంది తమ వ్యాసాలు వెనక్కి తీసుకుని సవరించి ఇచ్చినారు. గిద్దలూరు గుమాస్తా గారి కూతురు కూడా గొర్రెపిల్ల మెడ పట్టుకునే లేచి నిలబడిందని ఆ సవరణలో బయటపడింది. ఎలీషబా గారి ఉత్తర్వు మీద స్కూలు వెనుక, విరిగిన పలకల కుప్ప పక్కన, కంప నాటి తడిక కట్టి నమూనా శిశు విహారం ఏర్పాటు చేసినారు. నాగులు నాలుగు గొర్రెపిల్లలను ఏరి ఇచ్చినాడు. శ్రీశైలమ్మ వాటిని కొమరోలు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. పరీక్ష కాగానే ఈ విహారానికే ఆమెను ఉపాధ్యాయినిగా వేయడానికి నిర్ణయమైనది. అంతవరకు వీధికుక్కలు రాకుండా గొర్రెపిల్లల దగ్గర రాత్రిళ్లు ఎవరు పడుకోవాలన్న ప్రశ్న స్కూలు శనివారం సభలో వచ్చింది. ఆ పనిలో అనుభవం గలవారు ఒక్కరే ఉన్నందున చేతులెత్తించవలసిన అవసరం కలగలేదు.