ఎక్కడ దిగారు?

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చీర మార్చుకోకముందే మా మనవరాలు ఫోను పట్టుకొని పక్కన చేరి, మెడ చుట్టూ చెయ్యి వేసి, "అమ్మమ్మా, ఒక ఫోటో దిగుదాం" అంది. నేను కొంగు సర్దుకునేలోపే దిగడమూ అయిపోయింది, దాన్ని ఎవరెవరికో పంపడమూ అయిపోయింది. చూస్తే నా కళ్ళు సగం మూసుకొని ఉన్నాయి. మామూలుగా అయితే నాలుగు అక్షింతలు వేసేదాన్నే కానీ, "దిగుదాం" అన్న ఆ ఒక్క మాట పట్టుకొని నేను అప్పటికే మణుగూరు దగ్గరి మా ఊరికి, తొంభైల మొదటి ఏళ్ళకు వెళ్ళిపోయి ఉన్నాను.

అప్పట్లో మా మేనమామకు మణుగూరు బజారులో ఫోటో స్టూడియో ఉండేది. నేను మా ఊళ్ళో సాయంత్రం పూట వయోజనులకు చదువు చెప్పేదాన్ని. చెప్పడానికి నేనుండేదాన్ని గానీ మా ఊరి వయోజనులు మాత్రం వచ్చేవారు కాదు, వాళ్ళకు టీకొట్టు దగ్గర అంతకంటే పెద్ద చదువులుండేవి. వచ్చిందల్లా అడవి అవతల బస్తరు నుంచి బతకడానికి వచ్చి, ఊరి చివర బీడులో గుడిసెలు వేసుకున్న కుటుంబాల పిల్లలే. పిల్లలంటే పదిహేను, పదహారేళ్ళ వాళ్ళు, పగలంతా మిర్చి ఏరి మంటపుట్టే వేళ్ళతో వచ్చి కూర్చునేవారు. వాళ్ళ భాష వేరు, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చేది, అ ఆలు మొదలుపెడితే ఆవలింతలు వచ్చేవి. ఇలా కాదని నేను మామయ్య దగ్గర పాత కెమెరా, మిగిలిపోయిన బ్లాక్ అండ్ వైట్ రీళ్ళు అడిగి తెచ్చాను. ఒక్కొక్కరూ ఒక ఫోటో తియ్యాలి, దాని కథ తెలుగులో చెప్పాలి, అదీ నా పాఠం. కోతికి కొబ్బరికాయ దొరికిందని మా అమ్మ అన్నది ఆ పిల్లల గురించి కాదు, నా గురించే.

మొదటి రోజు అందరినీ బడి ముందుకు పిలిచి, నాకున్న గట్టి గొంతుతో, "అందరు గిటు వచ్చి నిలబడుండ్రి, ముందుగాల ఒక ఫోటో దిగుండ్రి" అన్నాను. అంతే, నవ్వుతున్న వాళ్ళు నవ్వుతున్నట్టే ఆగిపోయారు. ఒకడు గుడిసెల వైపు పరుగెత్తాడు. చూస్తుండగానే అక్కడ తల్లులు పొయ్యి మీది కుండలు దించుతున్నారు, బట్టలు మూట కడుతున్నారు, ఒకామె కోడిని చంకలో పెట్టుకొని బయటికి వచ్చి నిలబడింది. నాకేమీ అర్థం కాలేదు. వాళ్ళలో తెలుగు కాస్త ఎక్కువ వచ్చిన పిల్ల ఒకతె, నన్ను మొదటి నుంచీ అక్కా అని పిలిచేది, నా దగ్గరకు వచ్చి, "ఇప్పుడు ఎటు పోవాలె అక్కా?" అని అడిగింది.

తర్వాత ఆ పిల్లే చెప్పింది. ఇంతకుముందు వాళ్ళు గుడిసెలు వేసుకున్నచోట ఎవరో వచ్చి అందరినీ లారీ ఎక్కించి, ఏటి ఒడ్డుకు తెచ్చి, దిగుండ్రి దిగుండ్రి అని అరిచి వదిలేసి పోయారట. వాళ్ళంతా మొట్టమొదట నేర్చుకున్న తెలుగు మాట అదేనట, పాలుతాగే పిల్లలు కూడా ఆ మాట వింటే ఏడుపు అందుకునేవారట. ముందు నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఆ కోడిని పట్టుకొని నిలబడ్డామెను చూసి నవ్వలేకపోయాను. ఫోటో దిగుడంటే పోవుడు కాదే, ఉండుడు, బొమ్మలో ఎప్పటికీ ఉండుడు అని తంటాలు పడి చెప్పాను. సగం నమ్మారు.

ఆ పిల్ల మాత్రం రెండు దిగడాలనూ కలిపి తనకు తోచిన అర్థం ఒకటి తీసుకుంది. ఎవరి ముందు కెమెరా పట్టుకున్నా, "ఎక్కడ దిగిండ్రు?" అని మర్యాదగా అడిగి గానీ మీట నొక్కేది కాదు. అట్ల కాదే, ఫోటో దిగుతారా అని అడగాలె అని నేను దిద్దబోతే, ఎక్కడ దిగిండ్రో తెల్వకుంటే కథ ఎట్ల చెప్పాలె అక్కా అంది. ఆ తర్వాత నేను దిద్దడం మానేశాను.

ఆ బీడు మా ఊరి పెద్దరైతుది. వరస కాకపోయినా మేము ఆయన్ను బాబాయి అనేవాళ్ళం. కృష్ణా ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ భూములు బాగుచేసుకున్న కుటుంబం వాళ్ళది. ఎండలు ముదిరి బోరింగు నీళ్ళకు కొట్లాటలు మొదలయ్యాక ఊరంతా వెళ్ళి ఆయన చెవిలో ఇల్లు కట్టుకొని పోరితే, మిర్చి ఏరుడు అయిపోగానే గుడిసెలు ఎత్తెయ్యాలని ఆయన కబురు పెట్టాడు. ఆ సాయంత్రం ఆ పిల్ల పలక కూడా ముట్టుకోలేదు. "మళ్ళ దిగాల్నా అక్కా?" అని అడిగింది. ఆపడానికి నేనెవరిని? నెలకింత అని ఇచ్చే బడిలో పంతులమ్మను.

చేతిలో ఉన్నది ఫోటోలు ఒక్కటే. మామయ్యను బతిమాలి కడిగించి, సంతరోజున బడి వరండాలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించాను. తలలు తెగినవీ, వేలు అడ్డం పడినవీ చాలా ఉన్నాయి. కల్లంలో మిర్చి రాసిని తీసినవాడు, అది నల్లగా వచ్చిందని, ఎరుపు నేనే ఎక్కడో దాచినట్టు నన్ను అనుమానంగా చూశాడు. సంతకొచ్చిన జనమంతా బొమ్మల్లో తమ మొహాలు వెతుక్కుంటూ ఎగబడ్డారు. బాబాయి ఎడ్లు కూడా ఒక ఫోటోలో ఉన్నాయని ఎవరో చెబితే ఆయనా వచ్చాడు, వెనకే కర్ర పొడుచుకుంటూ వాళ్ళమ్మ వచ్చింది. ఆమెను ఊరంతా మామ్మ అనే పిలిచేది.

ఆ పిల్ల తీసిన మామ్మ ఫోటో చివర ఉంది. ఆ పిల్ల దాని పక్కన నిలబడి, కథ చెప్పింది. "ఈ మామ్మ కొత్త పెండ్లిపిల్ల. కృష్ణ కాడ బండెక్కింది. ఈడ దిగింది. దిగిననాడు నీళ్ళు లెవ్వు, ఇల్లు లేదు. కోయోళ్ళు కడివెడు నీళ్ళిచ్చిండ్రు, పందిరి కింద పండుకోమన్నరు. మామ్మ ఆ దినం మస్తు ఏడ్చింది." ఆ తెలుగుకు ముందు నవ్విన జనం చివరికి వచ్చేసరికి మామ్మ మొహం వైపు చూశారు. బాబాయి తల్లి వైపు తిరిగి, ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదేమే అన్నాడు. మామ్మ కర్ర మీద గడ్డం ఆనించి, "నువ్వెప్పుడన్నా అడిగావంట్రా? ఈ పిల్ల అడిగింది" అంది.

ఆయన ఫోటోలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటూ వెళ్ళి, మెట్లు దిగబోతూ, ఎవరితో అంటున్నాడో తెలియకుండా, "ఆ బీడు ఈ ఏడు దున్నటంలేదులే" అని వెళ్ళిపోయాడు. గుడిసెలు నిలబడ్డాయి. ఆ రాత్రి మా అమ్మ నన్ను కోతి అనలేదు.

తర్వాత కొన్నేళ్ళకు బొగ్గు గని పెరిగి పెరిగి మా ఊరి దాకా వచ్చింది. బీడు, బడి, బాబాయి మిద్దె ఇల్లు, అన్నీ పోయాయి, అందరం మూటలు కట్టుకొని తలో దిక్కుకూ చేరాం. ఆ పిల్ల చండ్రుగొండ వైపు ఎక్కడో స్థిరపడిందని విన్నాను. నేను ఖమ్మంలో కూతురి దగ్గర ఉంటున్నాను. మామ్మ ఫోటో నా బైబిల్లో ఉంది. బండి ఆగిన చోటు చూపిస్తూ చెయ్యి ఎత్తి ఉంటుంది, ఆ చెయ్యి చూపించే చోటు ఇప్పుడు పెద్ద గొయ్యి.

ఇప్పుడు ఫోటోలకు కొదవ లేదు. తీసేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒక్కరే అయ్యాక ఎదుటి మనిషిని అడిగే పని కూడా లేకుండా పోయింది. మొన్న కూడా నా కళ్ళు మూతపడ్డాయని గొణిగితే మనవరాలు మళ్ళీ తీసింది. ఈసారి కళ్ళు బాగానే పడ్డాయి. బాగుంది కదా అని చూపించి లోపలికి వెళ్ళిపోయింది. ఎక్కడ దిగావు అమ్మమ్మా అని అడుగుతుందేమోనని, నేను కొంగు సర్దుకొని ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను.