గుమ్మం దగ్గర బుట్ట

అమలాపురంలో డిగ్రీ మొదటి ఏడాది మాకు ప్రోగ్రామింగ్ చెప్పిన మాస్టారు తొలిరోజు పాఠం మొదలెట్టలేదు, నియమాలు చెప్పారు. పక్కవాళ్ల ప్రోగ్రాం చూసి రాస్తే సున్నా. గడువు దాటాక ఇస్తే తీసుకోరు. ఫోన్లన్నీ గుమ్మం దగ్గరి వెదురుబుట్టలో వేయాలి. "రూలు నాక్కూడానండీ," అంటూ రోజూ ముందు తన ఫోనే వేసేవారు. ఆ పట్టింపు చూసి మేం నవ్వుకునేవాళ్లం.

ఆయన భార్యకు జబ్బుచేస్తే కాకినాడ ఆసుపత్రిలో చేర్చారు. ఓ మధ్యాహ్నం ల్యాబ్ జరుగుతుండగా బుట్టలోంచి చర్చి కీర్తన వినిపించింది. ఆవిడ ఫోన్ చేస్తేనే మోగే కీర్తన అది.

"తియ్యండి సార్, మేడంగారేమో," అన్నాను.

"ఆయ్. క్లాసయ్యాక చేస్తానండీ," అని బోర్డు వైపు తిరిగారు. కీర్తన మళ్లీ మోగి ఆగిపోయింది. బోర్డు మీద సుద్దముక్క ఆనించారే గానీ ఏమీ రాయలేదు. గంట కొట్టాక ఆయన తిరిగి చేస్తే నర్సు ఎత్తింది. అప్పటికే ఆవిడ పోయారు.

ఆయన మళ్లీ కాలేజీకొచ్చిన రోజు గుమ్మం దగ్గర బుట్ట లేదు. "ఫోన్లు మీ దగ్గరే ఉంచుకోండి. ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తెయ్యండి," అన్నారు. తన ఫోన్ బల్ల మీద పెట్టుకుని, పాఠం చెబుతూనే మధ్యమధ్య దానివైపు చూసేవారు.

మేమూ చూసేవాళ్లం.